పన్నెండేళ్లు గ్యారేజీలో పడున్న డుకాటి 900ఎస్‌ఎస్: సెల్ఫ్ కొట్టే ముందు బెల్టులు చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒహాయో కొలంబస్‌లో మీ పక్కింటి పెద్దాయన గ్యారేజీలో పన్నెండేళ్లుగా కదలకుండా ఉన్న 1995 డుకాటి 900ఎస్‌ఎస్‌ను 1,800 డాలర్లకు కొన్నావు. మీటరు మీద 14,000 మైళ్లు ఉన్నాయి. ట్యాంకులో పాత పెట్రోలు అలాగే ఉంది. ముందు బ్రేకు లీవరు నొక్కితే వెనక్కి రావడం లేదు. ఇంజన్ మాత్రం గేరులో వేసి వెనక చక్రం తిప్పితే తిరుగుతోంది. నువ్వు అడిగినవి మూడు: కొత్త బ్యాటరీ, కొత్త పెట్రోలు వేసి ఒకసారి స్టార్ట్ చేసి చూడొచ్చా? డెస్మో వాల్వుల సెట్టింగు ఇంట్లో చేసుకోవడం మనవల్ల అవుతుందా? బండికి రంగు వేయించాలా?

మొదటిదానికి జవాబు, వద్దు. చక్రంతో తిప్పడం కూడా ఇక ఆపు. తిరుగుతోందని తెలిసింది, అది చాలు.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే ఆ తప్పు నేను చేశాను కాబట్టి. మా మావయ్యకు విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షెడ్డు ఉండేది. సెలవుల్లో అక్కడే కిరసనాయిలుతో పార్టులు కడుగుతూ పెరిగాను కదా, నాకు తెలియని ఇంజనేముంటుందిలే అన్న పొగరు ఉండేది. మిషిగన్ వచ్చిన కొత్తల్లో ఒక పాత 750ఎస్‌ఎస్ కొని, తెచ్చిన సాయంత్రమే బ్యాటరీ తగిలించి సెల్ఫ్ నొక్కాను. స్టార్టయింది. నలభై సెకన్లు బ్రహ్మాండంగా మోగింది. తర్వాత టక్‌మని ఒక చప్పుడు, అంతే. నిలువుగా ఉన్న సిలిండర్‌లో వాల్వులను నడిపించే పళ్ల రబ్బరు బెల్టు మూడు పళ్లు ఊడగొట్టుకుని జారింది, పిస్టన్ తగిలి వాల్వు వంగింది. ఆ నలభై సెకన్ల ఆనందానికి హెడ్డు దించాల్సి వచ్చింది, వాల్వూ గైడూ మార్చాల్సి వచ్చింది, ఆ వేసవి మొత్తం పోయింది.

ఈ ఇంజన్ కథ కొంచెం తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. బొలోన్యా శివారు బోర్గో పనిగాలేలోని డుకాటి ఫ్యాక్టరీలో ఫాబియో తాల్యోని అనే ఇంజనీరు 1954లో చేరాడు. మామూలు ఇంజన్‌లో కామ్ అనే ఉబ్బెత్తు కడ్డీ తిరుగుతూ వాల్వును తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. స్పీడు పెరిగేకొద్దీ ఆ స్ప్రింగు వెనకబడుతుంది. ఆయన 1956లో రేసు బండికి పెట్టిన డెస్మోడ్రోమిక్ (పొట్టిగా డెస్మో) పద్ధతిలో తెరవడానికి ఒక రాకరు, అంటే చిన్న మీట, మూయడానికి ఇంకో రాకరు ఉంటాయి. మజ్జిగ చిలికేటప్పుడు కవ్వం తాడు రెండు కొసలూ చేతుల్లో ఉంటాయి చూడు, ఒక కొస లాగి వదిలేసి తాడు దానంతటదే వెనక్కి వస్తుందని ఎవరూ ఎదురుచూడరు. ఇదీ అంతే. ఆలోచన డుకాటి కనిపెట్టింది కాదు, 1954లో మెర్సిడెస్ రేసు కారులో కూడా ఉంది. కానీ దాన్ని మామూలు జనం రోజూ నడిపే బండిలో పెట్టి, వదలకుండా దశాబ్దాలపాటు లాక్కొచ్చింది మాత్రం వీళ్లే.

అంతకుముందు రెండు సిలిండర్ల డుకాటి ఇంజన్లలో కామ్‌ను తిప్పడానికి పొడవాటి షాఫ్టు, బెవెల్ గేర్లు ఉండేవి. చూడటానికి ముచ్చటగా ఉంటాయి, కూర్చడానికి మాత్రం చాలా సమయం పట్టేది. 1970ల చివర్లో వచ్చిన పాంటా 500తో ఆ గేర్లు పోయి రబ్బరు బెల్టులు వచ్చాయి. నీ 900ఎస్‌ఎస్ ఆ పాంటా వంశమే: 90 డిగ్రీల కోణంలో రెండు సిలిండర్లు (ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా), 92 మి.మీ. బోరు, 68 మి.మీ. స్ట్రోకు, 904 సీసీ, సిలిండరుకు రెండు వాల్వులు, ఒక్కో సిలిండరుకు ఒక్కో బెల్టు. ఇంత లోహం మధ్య అన్నిటికంటే త్వరగా ముసలిదయ్యేది ఆ రబ్బరు ముక్కే. మైళ్లు తక్కువే కదా అనుకోకు. రెండేళ్లకో, 20,000 కిలోమీటర్లకో, ఏది ముందైతే అప్పుడు మార్చాలి. పన్నెండేళ్లు ఒకే చోట చిన్న పుల్లీల చుట్టూ మెలిక తిరిగి ఉండిపోయిన బెల్టుకు ఆ వంపే ఖాయమైపోతుంది. కదిలించగానే పళ్ల మొదళ్లలో పగులుతుంది.

అయితే బెల్టుల కంటే ముందు పది నిమిషాల పని ఒకటుంది. ఒక మంచి టార్చిలైటు, కిరసనాయిలు తడిపిన గుడ్డ తీసుకుని ఫ్రేము తల దగ్గర, అంటే హ్యాండిల్ తిరిగే గొట్టానికి మిగతా గొట్టాలు వచ్చి అతుక్కునే చోట, రెండు పక్కలా మురికి తుడిచి చూడు. ఈ తరం ఎస్‌ఎస్ ఫ్రేములకు అక్కడ వెల్డింగు పక్కనే సన్నటి పగుళ్లు వస్తాయి. వెంట్రుకలా కనిపిస్తుంది, పెయింటు గీత అనుకుని వదిలేస్తాం. గోరు పెట్టి గీస్తే గోరు తట్టుకుంటుంది. అల్యూమినియం స్వింగ్ ఆర్మ్ వెల్డింగులు కూడా అలాగే చూడు. పగులుంటే భయపడాల్సిన పని లేదు, ఫ్రేముల పని తెలిసిన వెల్డరు బాగు చేస్తాడు. కానీ డబ్బంతా ఇంజన్ మీద పోసేశాక అది కనిపిస్తే ఏడుపొస్తుంది. అందుకే ముందు.

అలాగే సిలిండర్ల స్టడ్లు. ఆ కాలం 900 ఇంజన్లలో హెడ్డును బిగించి పట్టుకునే పొడవాటి స్టడ్లు విరగడం బాగా తెలిసిన జబ్బే. సిలిండరు అడుగున ఆయిలు చెమ్మ ఉందా, హెడ్డు నట్టు ఏదైనా చేత్తో తిప్పితే కదులుతోందా చూసుకో. ఒక్కటి విరిగినా మిగతావాటినీ నమ్మొద్దు, సెట్టుగా మార్చు.

ఇంకో చిన్న మాట. కొన్ని ఎస్‌ఎస్‌లకు సైడ్ స్టాండు బండి బరువు తీయగానే టప్‌మని దానంతటదే ముడుచుకుపోతుంది. గ్యారేజీలో బండిని కొంచెం నిటారుగా ఎత్తి చక్రం చూద్దామనుకునేలోగా స్టాండు మాయమవుతుంది, 180 కిలోల పైచిలుకు బండి నీ మీద ఉంటుంది. వెనక చక్రం ఎత్తే స్టాండు ఒకటి కొనుక్కో, ఈ పని మొత్తానికి నీకు దానంత ఉపయోగపడేది ఇంకోటి లేదు.

ఇక బెల్టులు. స్పార్క్ ప్లగ్గులు రెండూ తీసి, ఒక్కో సిలిండర్లో చెంచాడు ఇంజన్ ఆయిలు పోసి ఒక రాత్రి వదిలెయ్. సిలిండరు గోడలకు నికసిల్ పూత ఉంటుంది కాబట్టి పాత పోత ఇనుము సిలిండర్లలా లోపల తుప్పు పట్టి బిగుసుకుపోదు. ఆ ఆయిలు రింగుల కోసం. మర్నాడు కుడి పక్కన బెల్టుల ప్లాస్టిక్ కవర్లు తీయి. అప్పుడు కనిపించేవాటిని ముట్టుకోకముందే ఫొటోలు తీసి పెట్టుకో. తర్వాత ఇంజన్‌ను నెమ్మదిగా, పాత బెల్టు మీద జోరు పడకుండా, ముందుకు తిరిగే దిశలోనే తిప్పుతూ అడ్డంగా ఉన్న సిలిండరు పిస్టన్ పైకొచ్చే స్థానానికి తీసుకురా. ఎడమ పక్క కవరు మీదున్న చిన్న గాజు కిటికీలోంచి ఫ్లైవీలు మీద గీత కనిపిస్తుంది. అప్పుడు కింది పుల్లీ మీద గుర్తు, రెండు కామ్ పుల్లీల మీద గుర్తులు, మూడూ వాటి వాటి ఎదురు గుర్తులకు సరిపోవాలి. ఇన్నేళ్ల మురికిలో ఆ గుర్తులు కనిపించవు. తుడిచి, నా అలవాటైతే తెల్ల నెయిల్ పాలిష్ చుక్క పెడతాను. మా ఆవిడ సీసా అది, ఇప్పుడు టూల్ బాక్సులోనే ఉంటోంది.

బెల్టు తీయగానే నిలువు సిలిండరు కామ్ పుల్లీ ఒక్కసారిగా కొంచెం తిరిగిపోవచ్చు. మూసే రాకరుకు చిన్న సహాయక స్ప్రింగు ఉంటుంది, దాని తోపుడు అది. కంగారు పడకు. చేత్తో మెల్లగా గుర్తుకు తెచ్చి పట్టుకుని కొత్త బెల్టు ఎక్కించు. ఎక్కడైనా గట్టిగా తగిలినట్టనిపిస్తే బలం వాడకు, ఆగి ఎందుకో చూడు. బెల్టుతో పాటు దాన్ని బిగించే రోలర్ల బేరింగులు వేలితో తిప్పి చూడు. గరగరమన్నా, లేక గ్రీజు ఎండిపోయి మరీ తేలిగ్గా గిర్రున తిరిగినా మార్చెయ్. కొత్త బెల్టును అరిగిన రోలరు మీద వేసి లాభం లేదు.

బిగింపు దగ్గరే కొత్తవాళ్లంతా తప్పు చేస్తారు. వదులుగా ఉంటే పళ్లు జారతాయన్న భయంతో తంబురా తీగలా బిగిస్తారు. అప్పుడు బెల్టూ, బేరింగూ రెండూ అరిగిపోతాయి. ఫోన్లో శబ్దం కొలిచే యాప్‌తో బెల్టును మీటి ఫ్రీక్వెన్సీ చూసే పద్ధతి ఉంది, బెల్టుకూ రోలరుకూ మధ్య అలెన్ కీ దూర్చి చూసే పద్ధతి ఉంది. ఏది వాడినా నీ బండి సంవత్సరం సర్వీసు మాన్యువల్లో ఉన్న కొలతే తీసుకో, వేరే మోడల్ కొలత తెచ్చి దీనికి పెట్టకు. బిగించాక ప్లగ్గులు లేకుండానే చేత్తో నాలుగు చుట్లు తిప్పి, మళ్లీ గుర్తుల దగ్గరకు తెచ్చి, మూడూ కలిశాయో లేదో చూడు. కలవకపోతే మొదటినుంచి. ఒక్క పన్ను తేడా అయినా సర్దుకుపోయే విషయం కాదు.

నీ రెండో ప్రశ్న డెస్మో సెట్టింగు గురించి. దగ్గర్లోని షాపువాళ్లు పాత బండి అని తీసుకోం అన్నారనీ, ఇంకొకరు చెప్పిన రేటు నువ్వు బండికి పెట్టినదాంట్లో సగం ఉందనీ రాశావు. నేను చెప్పేది: నీకు ఓపిక, శుభ్రమైన బల్ల, ఒక మంచి మైక్రోమీటరు ఉంటే నువ్వు చేసుకోగలవు. దీన్ని అదేదో మంత్రవిద్యలా చెబుతారు గానీ, ఇది లెక్కల పుస్తకం పని. నాలుగు వాల్వులు, వాల్వుకు రెండు షిమ్ములు (సందు సరిచేసే చిన్న లోహపు ముక్కలు), మొత్తం ఎనిమిది కొలతలు. వాల్వు కాడ తల మీద టోపీలా కూర్చునేది తెరిచే షిమ్ము. దాని కింద, కాడ మీదున్న గాడిలో రెండు అర్ధచంద్రాల్లాంటి సన్నని తీగ ముక్కలుంటాయి. మూసే షిమ్ము వాటిని ఆనుకుని నిలబడుతుంది.

తెరిచే వైపు సందు ఇన్లెట్‌కు 0.10 నుంచి 0.12 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 0.12 నుంచి 0.15 మి.మీ. దాకా ఉండాలి. మూసే వైపు ఇంకా సన్నం, 0.05 మి.మీ. లోపే పెట్టుకోవాలి. కాలం గడిచేకొద్దీ ఆ అర్ధచంద్రాలు నలిగి చదునవుతాయి, మూసే సందు పెరుగుతుంది. అంటే వాల్వు పూర్తిగా మూసుకోకముందే రాకరు వదిలేస్తోందన్నమాట. నిదానంగా తిరిగేటప్పుడు ఇంజన్ ఎగుడుదిగుడుగా నడవడానికి చాలాసార్లు కారణం ఇదే, జనం మాత్రం కార్బరేటర్ల మీద పడి గింజుకుంటారు.

పద్ధతి: కొలవాల్సిన సిలిండరు పిస్టన్‌ను పైకి తెచ్చి, ఆ సిలిండరు మూతలు తీసి ఫీలర్ గేజితో తెరిచే సందు చూడు. తర్వాత మూసే రాకరును వేలితో కిందికి నొక్కి పట్టి మళ్లీ అదే సందు కొలువు. రెండిటి తేడానే మూసే సందు. ఒక కాగితం మీద నాలుగు వాల్వులకూ గడులు గీసుకుని రాసుకో. ఏదీ జ్ఞాపకం మీద వదలకు. షిమ్ములు మార్చాల్సి వస్తే ఉన్నదాన్ని మైక్రోమీటరుతో కొలిచి, ఎంత కావాలో కూడికలు తీసివేతలు చేసి ఆర్డరు పెట్టు. మూసే షిమ్ము పలచబడితే సందు పెరుగుతుంది, కాబట్టి ఒక సైజు మందంగా తెచ్చుకుని, గాజు పలక మీద సన్నని ఎమ్రీ పేపరు పరిచి ఆయిలు చుక్క వేసి, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దుతూ సరిచేసుకోవచ్చు. మా మావయ్య షెడ్డులో వాల్వు ప్లేట్లు ఇలాగే రుద్దించేవాళ్లు. ప్రతి ఇరవై రుద్దులకీ ఒకసారి తుడిచి కొలవాలి, లేకపోతే నెత్తిమీద జెల్ల పడేది.

రెండు జాగ్రత్తలు మాత్రం గట్టిగా గుర్తుంచుకో. అర్ధచంద్రాలు తీసినప్పుడు వాల్వును పట్టుకునేది ఏమీ ఉండదు, పిస్టన్ కింద ఉంటే వాల్వు జర్రున సిలిండర్లోకి జారిపోతుంది. అందుకే పిస్టన్ పైన ఉన్నప్పుడే ఆ పని. రెండోది, హెడ్డులో ఆయిలు కిందికి పోయే రంధ్రాన్ని గుడ్డముక్కతో మూసెయ్. ఆ అర్ధచంద్రం గోరంత ఉంటుంది. ఒకసారి నా చేతిలోంచి జారింది. ఇంజన్ లోపలికి పోయిందనుకుని మూడు గంటలు అయస్కాంతం పుల్లతో వెతికాను, ఆయిలంతా దించి జల్లెడ పట్టాను. చివరికి నా ముంజేతికి అంటిన గ్రీజులో అతుక్కుని ఉంది. నిలువు సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వు వెనక, షాకబ్జర్ దగ్గర చేయి పట్టదు. అక్కడ తిట్లు వస్తాయి, పిల్లల్ని గ్యారేజీలోకి రానివ్వకు.

మూతలు తీసినప్పుడే రాకర్ల ముఖాలు చూడు. వాటికి గట్టి క్రోము పూత ఉంటుంది. ఆ కాలం బళ్లలో ఆ పూత పెచ్చులుగా లేవడం మామూలు, చెమ్మలో పడున్న బళ్లలో ఇంకా ఎక్కువ. అద్దంలా ఉంటే అదృష్టం. చిన్న గుంటలు, అంచున లేచిన పెచ్చు కనిపిస్తే ఆ రాకరు తీయాల్సిందే. ఆ పెచ్చులు ఆయిల్లో తిరిగి కామ్‌ను తినేస్తాయి. కామ్ బయటికి తీసి రాకరు మార్చడం మొదటిసారి చేసేవాళ్ల పని కాదు. అలాంటిది కనిపిస్తే అక్కడ ఆపి, హెడ్డుల పని తెలిసినవాళ్లకు ఇవ్వు. నేనూ అదే చేశాను.

పెట్రోలు ట్యాంకు సంగతి. దీనిది ఇనప ట్యాంకు. మూత చుట్టూ పడిన వాన నీళ్లు బయటికి పోవడానికి ట్యాంకు లోంచి ఒక సన్నగొట్టం కిందికి వెళ్తుంది. అది పూడుకుపోతే నీళ్లు నేరుగా పెట్రోల్లోకి దిగుతాయి, ట్యాంకు అడుగున చిలుం పడుతుంది. ముందు పాత పెట్రోలంతా దించి, ఊర్లో ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రంలో ఇచ్చెయ్, కారులో మాత్రం పోయకు. లోపల లైటు వేసి చూస్తే పైపైన ఎర్రటి తుప్పే అయితే నిమ్మ ఉప్పు చాలు. ఇండియన్ షాపులో దొరికే అదే నిమ్మ ఉప్పు, లీటరు వేడి నీళ్లకు యాభై గ్రాముల లెక్కన కలిపి ట్యాంకు నిండా పోసి ఒక రాత్రి ఉంచు. మర్నాడు పారబోసి, వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, మామూలు నీళ్లతో ఇంకోసారి కడిగి, వెంటనే హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టు. టీ తాగొద్దామని పది నిమిషాలు వదిలేస్తే కళ్లముందే మళ్లీ ఎర్రబడుతుంది. ఆరగానే కొంచెం పెట్రోల్లో టూ స్ట్రోక్ ఆయిలు కలిపి లోపలంతా తిప్పు. లోపల పూత వేసే రసాయనాల డబ్బాలు అమ్ముతారు గానీ, చిల్లులు లేకపోతే నేను వేయను. పదేళ్ల తర్వాత అది పొరలు పొరలుగా ఊడి జెట్లలో ఇరుక్కున్న బళ్లు చూశాను. ట్యాంకుకు సంబంధించిన రబ్బరు పైపులన్నీ, ఫిల్టరూ కొత్తవి వెయ్, ఎథనాల్‌ను తట్టుకునే రకం చూసి కొను.

కార్బరేటర్లు 38 మి.మీ. మికూనీలు, రెండున్నాయి. మంచి కార్బరేటర్లు, పైగా దాదాపు అవే డుకాటి మాన్‌స్టర్ 900లోనూ ఉన్నాయి కాబట్టి రబ్బర్లు, జెట్లు దొరుకుతాయి. పాత పెట్రోలు ఎండి తుమ్మజిగురులా అయి ఉంటుంది. పైలట్ జెట్టు రంధ్రం కంటికి ఆనదు. దాన్ని ఇనప తీగతో పొడవకు, రంధ్రం పెద్దదై సెట్టింగు శాశ్వతంగా పోతుంది. ఆటోనగర్లో చీపురు పుల్ల వాడేవాళ్లం, ఇప్పటికీ నా పెట్టెలో నాలుగు ఉన్నాయి. మరీ మొండిదైతే అల్ట్రాసానిక్ తొట్టిలో వెయ్. పైనున్న రబ్బరు డయాఫ్రమ్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి చిల్లులున్నాయేమో చూడు. సూది ఎత్తు, మిక్చర్ స్క్రూ ఎన్ని చుట్లు ఉందో విప్పే ముందే రాసుకో. రెండిటినీ సమానం చేయడానికి వ్యాక్యూమ్ గేజి కావాలి, ఆ పని ఇంజన్ నడిచాక.

బ్రేకు లీవరు తిరిగి రావట్లేదన్నావు కదా. మాస్టర్ సిలిండర్లో బ్రేకు ఆయిలు వెనక్కి పోయే ఒక రంధ్రం వెంట్రుక మందాన ఉంటుంది. ఆయిలు గాలిలో తేమ పీల్చుకుని గోధుమరంగు బెల్లంలా గడ్డకట్టి అది మూసుకుపోతుంది. పిస్టన్ కూడా బిగుసుకుని ఉండొచ్చు. పైపైన కొత్త ఆయిలు పోసి సరిపెట్టుకోవద్దు. మాస్టర్ సిలిండరు, బ్రెంబో కాలిపర్లు పూర్తిగా విప్పి సీల్సు మార్చు. కాలిపర్లో సీలు కూర్చునే గాడి అడుగున తెల్లటి పొడిలా అల్యూమినియం తుప్పు పెరిగి సీలును పైకి తోస్తుంది. ఎంత మంచి కొత్త సీలు వేసినా ఆ గాడి గీకి శుభ్రం చేయకపోతే బ్రేకు పట్టేసుకుంటుంది. రబ్బరు గొట్టాలు పారేసి స్టీలు అల్లికవి వెయ్, డాట్ 4 ఆయిలు పొయ్. ట్యాంకు మీద చుక్క పడకుండా పాత దుప్పటి కప్పు, పడితే పెయింటు లేచిపోతుంది. క్లచ్చు కూడా ఆయిలుతో పనిచేసేదే. దాని కింది సిలిండరు కారడం వీటికి మామూలు, ఆ సీలు కూడా ఇప్పుడే మార్చెయ్.

క్లచ్చు అన్నాను కాబట్టి: ఇది పొడి క్లచ్చు, ఆయిల్లో మునిగి ఉండదు. స్టార్టయ్యాక న్యూట్రల్లో లీవరు నొక్కితే రేకు డబ్బాలో గోలీలు వేసి ఊపినట్టు గలగలమంటుంది. పాడైందని రాత్రి ఒంటిగంటకు నాకు మెసేజీ పెట్టకు. క్లచ్చు ప్లేట్లు కూర్చునే బాస్కెట్ గాడులు బాగా అరిగి ఉంటే, క్లచ్చు జారుతుంటే అప్పుడు మాట్లాడుకుందాం.

వైరింగులో రెండే చోట్లు చూడు. ఆల్టర్నేటరు నుంచి వచ్చే పసుపు తీగలు రెగ్యులేటరుకు కలిసే కనెక్టరు మాడి గోధుమరంగులోకి మారి ఉంటుంది, దాన్ని కోసి కొత్తది వెయ్. బ్యాటరీ నుంచి స్టార్టరుకు పోయే కేబుళ్లు ఫ్యాక్టరీవి సన్నం. మందమైన కేబుళ్లు వేస్తే పెద్ద ఇంజన్ బద్ధకంగా తిరగడం మానుతుంది. ఈ బండికి పెట్టే ఖర్చులో దీనంత తక్కువకు ఇంత తేడా కనిపించేది ఇంకోటి లేదు. నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద 14 వోల్టుల అటూ ఇటూ చూపించాలి. పదమూడు దాటకపోతే రెగ్యులేటరును అనుమానించు.

టైర్ల మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, వారం, సంవత్సరం. చూడటానికి కొత్తగా ఉన్నా పారేయాల్సిందే, రాయిలా ఉంటాయి. ముందు 120/70, వెనక 170/60. వెనక 180 వేస్తే లావుగా అందంగా ఉంటుందని కొందరంటారు, మలుపులో బండి బద్ధకిస్తుంది. ఫోర్కుల ఆయిలు, సీల్సు, చైను, చక్రాల బేరింగులు మామూలు పనే, దాని గురించి రాయాల్సిందేం లేదు. స్వింగ్ ఆర్మ్ ఇరుసు మాత్రం ఇంజన్ కేసింగు లోంచే పోతుంది, అది ఎండిపోయి కిర్రుమంటుంటే తీసి గ్రీజు పెట్టు.

మూడో ప్రశ్న, రంగు. నాకైతే వద్దు. నీ ఫొటోలో ఎడమ ఫెయిరింగు (బండి ముందు, పక్కల ఉండే తొడుగు) మీద గీతలున్నాయి, ట్యాంకు మీద ఎరుపు కొంచెం వెలిసింది, ఫ్రేము బంగారు రంగు అక్కడక్కడా లేచింది. మైనం రుద్దితే ముప్పాతిక వంతు తిరిగొస్తుంది. ఆ మిగిలిన పాతిక నీ బండి వయసు. ఎవరో ఒకరు దాన్ని కెఫే రేసరు, అంటే పాతకాలం రేసు బండిలా, చేద్దామని, ఫెయిరింగు పీకేసి సీటు కోసెయ్యమని సలహా ఇస్తారు. 1972లో ఇటలీలోని ఇమోలాలో పాల్ స్మార్ట్ అనే రేసరు డుకాటి మీద 200 మైళ్ల రేసు గెలిచాక, 1974లో వచ్చిన 750 సూపర్ స్పోర్ట్ నుంచి మొదలైన పేరు నీ బండి మీద ఉంది (ఎస్‌ఎస్ అంటే అదే). పెయింటుకు అనుకున్న డబ్బు బ్రేకులకూ టైర్లకూ పెట్టు. ఫెయిరింగు ముక్కలు, స్క్రూలు కావాలంటే మీకు దగ్గరే, వేసవిలో లెక్సింగ్టన్ పక్కన మిడ్-ఒహాయో ట్రాక్‌లో వింటేజ్ మోటార్‌సైకిల్ డేస్ జరుగుతుంది. అక్కడి పాత సామాన్ల సంతలో సగం రోజు తిరిగితే చాలా దొరుకుతాయి. నా సైడ్ ప్యానెల్ అక్కడే ఒక పెద్దాయన దగ్గర ఇరవై డాలర్లకు దొరికింది.

అన్నీ అయ్యాక స్టార్ట్ చేసే రోజు. కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు. పాత ఆయిలు దించినప్పుడు అయస్కాంతం ఉన్న డ్రెయిన్ బోల్టు మీద ఏముందో చూడు: బూడిదరంగు పేస్టు మామూలే, వెండి రేకుల్లాంటివి ఉంటే రాకర్ల దగ్గరకు మళ్లీ వెళ్లాలి. ప్లగ్గులు బయటే ఉంచి, వాటిని లీడ్లకు తగిలించి ఇంజన్ లోహానికి ఆనించి, పెట్రోలు ఆవిరి దగ్గర్లో లేదని చూసుకుని, ఆయిలు ప్రెషరు లైటు ఆరేదాకా ఐదైదు సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టు. లైటు ఆరాకే ప్లగ్గులు బిగించి, కార్బరేటర్లలోకి పెట్రోలు వదులు. చోక్ లాగు, యాక్సిలరేటరు ముట్టుకోకు. మొదట ఒక సిలిండరే పేలొచ్చు, కాసేపటికి రెండోది అందుకుంటుంది. గ్యారేజీ తలుపు తెరిచే ఉంచు, పక్కన నిప్పు ఆర్పే సిలిండరు పెట్టుకో. మొదటి రోజు ఇరవై మైళ్లు మించి పోకు. వచ్చాక చల్లారనిచ్చి బెల్టు బిగింపు, బ్రేకు బోల్టులు, ఆయిలు చెమ్మ మళ్లీ చూసుకో. ఆరువందల మైళ్లకు మూసే షిమ్ముల సందు ఇంకోసారి కొలువు. కొత్త అర్ధచంద్రాలు వేసి ఉంటే అవి సర్దుకుని సందు కొంచెం మారి ఉంటుంది.

ఈ వారాంతం మాత్రం ఫ్రేము తల తుడిచి, ప్లగ్గులు తీసి, బెల్టుల కవర్లు విప్పు, అంతవరకే. రెండు బెల్టులూ, మూడు పుల్లీ గుర్తులూ కనిపించేలా ఫొటోలు తీసి పెట్టు. బెల్టు తీసే ముందు నేనూ ఒకసారి చూస్తా.